గోరు దిగిన కాడ

మా ఇంట్లో తోటకూరకు ఒక చట్టం ఉంది. గోరు దిగితే కుండకు, దిగకుంటే బర్రెకు. ఆ చట్టం చేసింది మా అత్త. ఆమె మా నాయనకు తోడబుట్టిన అక్క. పుట్టుకతో మేనత్త, పెళ్ళితో అత్త అయింది. అందుకే నేను ఆమెతో కోడలిలా కాక మేనకోడలిలా పోట్లాడతాను. ఆమె కూడా మొహమాటం పెట్టుకోకుండా తిడుతుంది. మా ఇద్దరి మధ్య నలిగేది మా ఆయన. ఆయన నాకు పుట్టినప్పటి నుంచీ బావే కాబట్టి, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను బావా అనే పిలుస్తాను.

మార్కాపురం ఇళ్ళు అయిపోయి చేలు మొదలయ్యే చోట మా ఇల్లు. వెనక దొడ్డి, దొడ్లో ఒక మూల బర్రె కొట్టం, ఇంకో మూల అత్త తోట. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే వీధి మాది. అలాంటి వీధిలో తోట పెట్టడం అంటే అత్తకు తప్ప ఎవరికీ చాతకాదు. బియ్యం కడిగిన నీళ్ళు, స్నానాల నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు అన్నీ చిన్న కాలవ గుండా పోయి ఆమె తోటకూర మొదట్లో చేరాల్సిందే. ఒక్క చెంబు నీళ్ళు వీధిలోకి పోస్తే, "నీళ్ళకు కాళ్ళొచ్చినాయా అమ్మీ, వీధిలోకి పోతాండాయి?" అని లోపలి నుంచే అరుస్తుంది.

ఆమె వేసేది కాడ తోటకూర. చెట్టులా పెరుగుతుంది. లేతగా ఉన్నంత కాలం దాని గొప్ప ఏమీ కనిపించదు, ఆకు కోసుకుంటాం, పప్పులో వేసుకుంటాం, అంతే. పంట అయిపోయేటప్పుడే అసలు కథ. ఆకు పలచబడి, కొసన కంకులు వేసి, కాడ నా మణికట్టంత లావయి, ఎత్తులో నన్ను దాటిపోతుంది. ఇంకొకరైతే పీకి దిబ్బ మీద పారేస్తారు. అత్త విత్తనానికి రెండు చెట్లు ఉంచి, మిగిలినవన్నీ పీకి, అరుగు మీద పరుచుకుని కూర్చుంటుంది. ఒక్కో కాడను ఒళ్ళో పెట్టుకుని, మొదలు నుంచి పైకి బొటనవేలి గోరుతో గుచ్చుకుంటూ పోతుంది. గోరు ఎక్కడ సులువుగా దిగిందో అక్కడ విరుస్తుంది. కింది ముక్క బర్రెకు, పై ముక్క కుండకు. ఆ పై ముక్కకు కూడా తోలు నారలా ఊడి వచ్చేదాకా లాగి, వేలెడు ముక్కలు చేసి, చింతపండు పులుసులో బెల్లం ముక్క వేసి, బియ్యప్పిండి కలిపి చిక్కగా ఉడికిస్తుంది. అది సంగట్లోకి. కాడను నమిలి, లోపలి రసం అంతా పీల్చి, పిప్పిని కంచం పక్కన పెట్టాలి. ఎవరి పక్కన పిప్పి కుప్ప పెద్దదైతే ఆ పూట వాళ్ళు గెలిచినట్టు.

గెలిచేది ఎప్పుడూ బావే. చిన్నప్పుడు సెలవులకు నేను అత్తావాళ్ళింటికి వచ్చేదాన్ని. నాకు గుర్తున్నంతలో బావ మాటల కన్నా ముందు నాకు పరిచయమయింది ఆయన నమిలే చప్పుడు. వంటింట్లో మేం కూర్చుని తింటుంటే ఆ చప్పుడు వాకిట్లోకి వినపడేది. ఒక కాడ దవడకు పెట్టాడంటే పీల్చి పిప్పి చేసి గాని వదలడు. అత్త గరిటె పట్టుకుని వెనక్కి తిరిగి, "మెల్లగా నమలరా నాయనా, కొట్టంలో బర్రె సిగ్గుపడతాంది" అనేది. అందరం నవ్వేవాళ్ళం. బావ ఇంకా గట్టిగా నమిలేవాడు. నా కంచంలో కాడలు కూడా దొంగిలించి తినేవాడు. నేను ఏడిస్తే పిప్పి ఇస్తా తీసుకో అనేవాడు. ఇలాంటివాణ్ణి పెళ్ళి చేసుకోనని మా నాయనతో చెప్పాను కూడా. మా మాట ఎవరు విన్నారు!

అత్తకు పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. కట్టుడు పళ్ళు పెట్టిస్తామంటే, "ఊరికే వచ్చి పోయినవి చాలు, మళ్ళీ కొనుక్కొచ్చేదెందుకు" అంది. కాడల పులుసు ఆమె వండుతుంది గాని కాడ తినలేదు. పులుసు మాత్రం సంగట్లో పోసుకుని, గోడకు ఆనుకుని, మేం నమిలేది వింటూ కూర్చుంటుంది. తినలేనిది అంత ఇష్టంగా ఎట్లా వండుతావు అత్తా అని ఒకసారి అడిగాను. "నేను చెవులతో తింటాండాలే" అంది.

బావ పలకల కార్ఖానాలో పనికి కుదిరింది మా పెళ్ళికి ముందే. రాయిని కోసి, అరగదీసి, పలకలు చేసే చోట దుమ్ము ఎట్లా ఉంటుందో ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఇంటికి వచ్చే మనిషి కనుబొమలు తెల్లగా ఉంటాయి. నోట్లో ఏదో ఒకటి ఉంటే దుమ్ము గొంతులోకి దిగదని అక్కడ ఒక నమ్మకం. మొదట వక్కపొడి, తర్వాత గుట్కా పొట్లాలు. బడ్డీ బంకుల ముందు పూలదండల్లా వేలాడతాయే, ఆ పొట్లాలు. ఒకటి చించి దవడ సందున వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఉండేది. నేను గొడవ పడ్డాను. చాలాసార్లు పడ్డాను. చొక్కాలు ఉతికేటప్పుడు జేబులో ఖాళీ పొట్లాలు దొరికితే తెచ్చి ఆయన అన్నం పక్కన పెట్టేదాన్ని. "సారాయి తాగుతున్నానా, పేకాట ఆడుతున్నానా, ఇదొక్కటే గదే" అనేవాడు. ఆ మాటకు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా నన్నే అదృష్టవంతురాలివి అనేవాళ్ళు. ఇక నేనేమనాలి?

పిల్లలు పై చదువులకు హాస్టళ్ళకు పోయాక ఇంట్లో మేం ముగ్గురం మిగిలాం. అప్పుడే, ఒక ఏడాది పంట చివర్లో, బావ కాడ ముదిరిందన్నాడు. పీల్చి, సగం నమిలి, పక్కన పెట్టేశాడు. మాకేమీ అనిపించలేదు. ముదిరి ఉండొచ్చు, ఎండలు అట్లా ఉన్నాయి. తర్వాతి సారి మళ్ళీ అదే మాట. అక్కడి నుంచి మా ఇంట్లో అత్తాకోడళ్ళం కలిసి తోటకూర మీద యుద్ధం మొదలుపెట్టాం.

ఆ యుద్ధం గుర్తొస్తే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. నీళ్ళు చాలక నార పట్టిందని నేను బోరు నీళ్ళు రెండు బిందెలు ఎక్కువ పోశాను. విత్తనం పాతబడిందని అత్త గిద్దలూరు సంతకు కబురు పెట్టి కొత్త విత్తనం తెప్పించింది. నేను కుక్కర్లో పెట్టి విజిల్ మీద విజిల్ రానిచ్చాను. కాడలు చితికి గంజి అయ్యాయి, పులుసు పాడయింది, అత్త మూడు పూటలు నాతో మాట్లాడలేదు. సోడా ఉప్పు వేశాను. ఆ వాసనకు బర్రె కూడా తినలేదు. అన్నిటికీ బావది ఒకటే మాట, "నార." ఆడలేక మద్దెల ఓడు అంటారు గదా. ఆడలేనివాడు మద్దెలను తిట్టడం లోకంలో ఉన్నదే. మేం ఆయన ఆట వంక చూడకుండా మద్దెలను బాగుచేస్తూ కూర్చున్నాం.

ఆయన తిండి తగ్గిందా అంటే అదీ లేదు. సంగటి ఉండనే ఉంది. సంగటి నమిలేది కాదు, పులుసులో దొర్లించి మింగేది. ముద్దలు చిన్నవి చేసుకుంటున్నాడని, మిరపకాయ పక్కన పెడుతున్నాడని, ఆవలించేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటున్నాడని తర్వాత తర్వాత ఒక్కొక్కటి గుర్తొచ్చాయి. కారం ఎక్కువయిందని నన్ను తిట్టిన పూటలు గుర్తొచ్చాయి. సంగటి తినే ఇంట్లో మనిషి నోరు మూసుకుపోతున్నా తొందరగా తెలియదు. తెలియజెప్పింది ఆ ముదురు కాడే.

ఆ పూట బాగా గుర్తుంది. పంట చివరి కాడలు. అత్త పొద్దున్నుంచీ అరుగు మీద కూర్చుని ఏరి, ఒకటికి రెండుసార్లు గోరు గుచ్చి, అనుమానం ఉన్నవన్నీ బర్రెకు వేసి, చాలా కొద్దిగా మాత్రమే వండింది. బావ ఒక కాడ నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఒకసారి కదిలింది, రెండుసార్లు కదిలింది. తీసి పక్కన పెట్టాడు.

"నారమ్మా, ఉత్త నార. ఇది మనుషులు తినేదేనా? బర్రెకెయ్యండి."

నాకు ముక్కు మీద కోపం. గరిటె గిన్నెలో పడేసి, "రేపట్నుంచి నీకు గంజి కాస్తా, తాగి పో" అన్నాను. అత్త గోడ దగ్గర నుంచి పాకుతున్నట్టు జరిగి వచ్చి, ఆయన కంచం పక్కన పెట్టిన ఎంగిలి కాడను తీసుకుంది. బొటనవేలి గోరు పెట్టింది. గోరు మెత్తగా దిగి, అవతలి పక్కకు వచ్చింది. రసం ఆమె వేలి మీద కారింది. ఇంకో కాడ తీసుకుంది. అదీ అంతే. గిన్నెలోంచి ఇంకొకటి తీసింది. అప్పటిదాకా ఆమె ముఖంలో ఉన్న పంతం పోయి, భయం వచ్చింది. ఆమె భయపడటం నేను అదే మొదటిసారి చూడటం.

"కాడ లేతగానే ఉంది గదమ్మీ," అంది నా వైపు చూసి. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నోరు తెరువు నాయనా" అంది.

బావ నవ్వి నోరు తెరిచాడు.

"ఇంకా తెరువు."

"తెరిచినా గదమా!"

అది తెరిచిన నోరు కాదు. మాట్లాడేటప్పుడు ఎంత తెరుచుకుంటుందో అంతే. అత్త సంగటి ముద్ద ఒకటి చేసి, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు నోటికి అందించింది. ముద్ద పళ్ళకు తగిలి ఆగిపోయింది. ఆమె నెట్టలేదు. ముద్దను మళ్ళీ కంచంలో పెట్టి, చేయి కడుక్కుని, దొడ్లోకి పోయింది. ఇంత పెద్ద నోరు వేసుకుని పుట్టావని చిన్నప్పుడు నేను తిట్టిన మనిషి ముందు నేను నిలబడి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. చిన్నమ్మాయి, మా పెద్దదాని ఈడు ఉంటుంది. బావ నోట్లో లైటు వేసి చూసి, వేళ్ళు నిలువుగా పెట్టి కొలిచింది. మంచి నోట్లో మూడు వేళ్ళు పడతాయట. బావ నోట్లో రెండో వేలు సగం దగ్గరే ఆగింది. లోపల బుగ్గలు తెల్లబడి, తాళ్ళు కట్టినట్టు బిగుసుకున్నాయని, వక్క, పొట్లాలు చేసే పని అదేనని చెప్పింది.

"ఇవాళ్టితో మానేస్తే నోరు కొంత తిరిగి వస్తుంది. మానకపోతే ఇంకా మూసుకుపోతుంది, గొట్టంతో తాగాల్సి వస్తుంది అంకుల్. ఇంకోటి కూడా ఉంది. ఒంగోలులో చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తే గాని చెప్పలేను."

ఆ ఇంకోటి ఏంటో ఆమె పేరు పెట్టి చెప్పలేదు. మేం అడగలేదు. ఒంగోలు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికి చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. బస్సులో చేయి పట్టుకుని కూర్చోవడం మాకు పెళ్ళయిన కొత్తలో కూడా లేదు.

కొన్నాళ్ళకు పరీక్ష ఫలితం ఫోన్లో చెప్పింది డాక్టరమ్మ. భయపడినది కాదట. "బయటపడ్డారు అంకుల్. కానీ బావి గట్టు మీదే ఉన్నారు, వెనక్కి రండి" అంది. నేను దొడ్లోకి పోయి బర్రె మెడ పట్టుకుని ఏడ్చాను. ఇంట్లో ఏడిస్తే అత్త చూస్తుందని అక్కడికి పోయాను. తీరా చూస్తే అత్త అప్పటికే అక్కడ విత్తనపు తోటకూర చెట్ల వెనక కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు నటించి ఎవరి దారిన వాళ్ళం లోపలికి వచ్చాం.

ఆ మధ్యాహ్నమే ఇంకో సంగతి జరిగింది. అత్తకు భోజనం అయ్యాక ఆకు వక్క వేసుకోవడం అలవాటు. పళ్ళు లేవు కాబట్టి గుప్పెడంత ఇనుప రోట్లో తమలపాకు, వక్క, సున్నం కలిపి దంచుకుని దవడన పెట్టుకుంటుంది. ఆ టకటక చప్పుడు వింటే మా వీధిలో టైమెంతయిందో చెప్పొచ్చు. ఆ రోజు రోలు ముందర పెట్టుకుని కూర్చుంది గాని దంచలేదు. సంచిలోని వక్కలన్నీ చేట్లో పోసి, "పారెయ్ అమ్మీ" అంది.

"నువ్వెందుకు మానేది అత్తా, నీకేమయింది?"

"నా నోట్లో వక్క పెట్టుకుని వాడికెట్ల చెప్పేది? వాడు మొదటి పొట్లం తెచ్చిన నాడు నా ముందరే చించి నోట్లో వేసుకున్నాడు. నేనూ తింటాండా గదా అని నవ్వి ఊరుకుంటి. తోటకూర నాడే అనుంటే ఇంత దూరం వచ్చేదా?"

ఆ సామెతను నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక తల్లి తనను తాను అనుకోగా వినడం అదే మొదటిసారి. నీ తప్పేం లేదత్తా అని నేను అన్నాను. ఆమె చేట నా వైపు నెట్టింది.

డాక్టరమ్మ ఐస్‌క్రీం పుల్లల కట్ట ఇచ్చింది. పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించుకుని కాసేపు ఉండాలి. కొన్నాళ్ళకు ఒక పుల్ల చేర్చాలి, మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకొకటి. మధ్య మధ్య పోయి బుగ్గల్లో సూదులు వేయించుకోవాలి. పుల్లలు నోట్లో ఉన్నంతసేపూ బావ మాట్లాడలేడు. నేను అదే అదనుగా నా కుట్టు మిషన్ ముందు కూర్చుని కుట్టుకుంటూ, ఇన్నేళ్ళుగా దాచుకున్నవన్నీ చెప్పేదాన్ని. మా పెళ్ళయ్యాక నా మాట చివరిదాకా విన్నది ఆ కాలంలోనే. కోపం వస్తే కళ్ళు పెద్దవి చేసేవాడు. నేను ఇంకో మాట కలిపేదాన్ని.

కారం పనికిరాదన్నారు. మార్కాపురం పక్కన పుట్టిన మనిషికి కారం లేని కూడు పెట్టడం అంటే ఎండు గడ్డి పెట్టినట్టే. నేను ఆయనకు వేరేగా, మాకు వేరేగా వండాలనుకున్నాను. అత్త ఒప్పుకోలేదు. "ఒకే కుండ, ఒకే కూడు. వాడి ముందర మనం ఎర్రగా కలుపుకుని తినేదేంది?" అంది. అట్లా మా ఇంట్లో అందరం చప్పిడి కూడు తిన్నాం. మా చెల్లెలు ఒకసారి వచ్చి ఒక ముద్ద తిని, మీ ఇంట్లో ఎవరైనా బాలింతలున్నారా అని అడిగింది.

మళ్ళీ తోటకూర ఎదిగే కాలం వచ్చింది. కాడ ముదరక ముందే అత్త ఒకటి పీకింది. తోలు తీసి, పెసరపప్పుతో ఉడికించి, ఆ చిన్న ఇనుప రోలు కడిగి, అందులో వేసి దంచింది. ఇన్నేళ్ళూ వక్క దంచుకున్న రోట్లో కాడ ముద్దయింది. దాన్ని బావకు పెట్టింది. ఏమీ నమలక్కర్లేదు, మింగితే చాలు. కొన్నాళ్ళకు దంచడం తగ్గించింది, కచ్చాపచ్చాగా నలగ్గొట్టింది. నోట్లో ఒక పుల్ల చేరినప్పుడల్లా రోకలి పోటు ఒకటి తగ్గేది. ఇదేం వైద్యం అని డాక్టరమ్మను అడిగితే ఆమె నవ్వి, "వైద్యం పుల్లలే ఆంటీ, అవి మానకండి. దవడ కదిలించేది ఏది తిన్నా మంచిదే, కారం మాత్రం వద్దు" అంది. ఆ పిల్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఒక్కసారి కూడా బావను సిగ్గుపడేలా మాట్లాడలేదు.

అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం. చలికాలంలో దవడలు నొప్పి పెట్టి, ఒక పొద్దున బావ పుల్లలు తీసి దొడ్లోకి విసిరేశాడు. "తెరుచుకున్నంత చాలు. ఇట్లనే బతుకుతా" అన్నాడు. ఆ రోజు పెట్టుకోలేదు, మర్నాడూ పెట్టుకోలేదు. నేను తిట్టాను, బతిమాలాను, అలిగాను. అత్త మాత్రం మూడో రోజు మధ్యాహ్నం, మునుపు ఆకు వక్క వేసుకునే వేళకు గడప దగ్గర కూర్చుంది. వక్క మానినప్పటి నుంచి ఆ వేళకు ఆమెకు తల నొప్పి వచ్చేది. నాకు తెలుసు, ఆమె చెప్పొద్దంది కాబట్టి బావకు చెప్పలేదు. ఆ రోజు కార్ఖానాకు సెలవు, బావ ఇంట్లోనే ఉన్నాడు. తలకు గుడ్డ బిగించి కట్టుకుని, ఖాళీ దవడ ఆడిస్తూ కూర్చున్న తల్లిని చూశాడు.

"ఏంది మా, ఏమయింది?"

"ఏం లే నాయనా. నోరు అడుగుతాంది. అడిగి అడిగి అదే ఊరుకుంటాదిలే."

బావ లేచి దొడ్లోకి పోయాడు. తోటకూర మళ్ళలో వంగి వెతికి, ఒక్కో పుల్లా ఏరుకొచ్చి, కడిగి, నోట్లో పెట్టుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ సాయంత్రం దాకా అట్లా కూర్చున్నారు. నేను మిషన్ తొక్కడం ఆపేసి వాళ్ళను చూస్తూ ఉండిపోయాను. నాకు ఇలాంటి అత్తను ఇచ్చినందుకు మా నాయనకు ఆ రోజు మనసులో దండం పెట్టుకున్నాను. పెళ్ళి వద్దని ఆయనతో పోట్లాడినవన్నీ కొట్టేసుకున్నాను.

మొన్న పంట అయిపోయింది. ఆకు రాలి, కంకులు ఎండి, కాడలు నన్ను దాటి పెరిగాయి. అత్త రెండు చెట్లు విత్తనానికి ఉంచి మిగిలినవి నాతో పీకించింది. అరుగు మీద కూర్చుని గోరుతో గుచ్చింది. ఆమె గోరు కూడా ఇప్పుడు అరిగిపోయింది, ఒక్కోసారి నా చేయి లాక్కుని నా గోరు పెట్టి చూస్తుంది. తోలు తీసి, ఈసారి చిన్న ముక్కలు చేయలేదు. వేలెడు ముక్కలే కోసింది. చింతపండు పులుసు, బెల్లం, బియ్యప్పిండి. కారం మాత్రం వేయలేదు. రోలు తీసి ఉట్టి మీద పెట్టేసింది.

"దంచవా అత్తా?" అన్నాను.

"వాడికి పళ్ళున్నాయి గదా," అంది.

డాక్టరమ్మ కిందటిసారి కొలిచినప్పుడు మూడో వేలు పూర్తిగా పట్టలేదు. అంతకన్నా రాకపోవచ్చని కూడా చెప్పింది. చాలు తల్లీ, అదే మాకు పదివేలు అని చేతులు జోడించి వచ్చాం. కానీ కాడ నమలడం వేరు. అది పెట్టుకుని తీసేస్తే అత్త ఏమవుతుందోనని నా భయం. వడ్డించేటప్పుడు ఆయన కంచంలో చిన్న కాడలు ఏరి వేయబోయాను. అత్త గోడ దగ్గర నుంచి చూసి, వద్దని తల ఊపింది.

బావ సంగటి ముద్ద చేసి, పులుసులో దొర్లించి తిన్నాడు. ముద్ద పళ్ళకు తగలకుండా లోపలికి పోయింది. తర్వాత ఒక కాడ తీసుకున్నాడు. నోట్లో పెట్టుకుని, దవడ మీదికి తోసుకున్నాడు. మేం ఇద్దరం ఆయన ముఖం వైపే చూస్తున్నామని తెలిసి, కంచం వైపు తల దించుకున్నాడు. కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కరకరమని చప్పుడు మొదలయింది. మొదట మెల్లగా, ఆగి ఆగి. తర్వాత ఆగకుండా. కాడ పిండి పిప్పి చేసి, కంచం పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకున్నాడు. ఇంకొకటి. చేయి చాచి నా కంచంలోది కూడా లాక్కున్నాడు. నేను లాక్కోనిచ్చాను.

అత్త కళ్ళు మూసుకుని గోడకు తల ఆనించి వింటోంది. ఆమె ముందర సంగటి చల్లారిపోతోంది, తినడం లేదు. బావ కంచం పక్కన పిప్పి కుప్ప పెరుగుతోంది. కళ్ళు తెరవకుండానే, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఎన్నో ఏళ్ళుగా మా ఇంట్లో వినపడని మాట అంది.

"మెల్లగా నమలరా నాయనా, కొట్టంలో బర్రె సిగ్గుపడతాంది."